కుందేళ్ళ గుండె గీత

పెద్దక్క లోకంలో ఎవరినైనా నమ్ముతుంది గానీ, తనలో తాను నవ్వుకునే మనిషిని మాత్రం నమ్మలేదు. ఖర్మకొద్దీ ఆమె తమ్ముడు ఏరికోరి కట్టుకున్నది అలాంటి పిల్లనే. ఆ పిల్ల అంట్లు తోముతూ నవ్వుతుంది, తల దువ్వుకుంటూ నవ్వుతుంది, బస్సు కిటికీలోంచి చూస్తూ నవ్వుతుంది. "ఎందుకే?" అంటే "ఏం లేదొదినా" అంటుంది. ఏమీ లేనిదానికి పళ్ళు బయటపెట్టడం దేనికని పెద్దక్క లోలోపల గింజుకునేది.

అయినా తమ్ముడి పెళ్ళాం. వాడు లారీ ఎక్కితే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో వాడికే తెలియదు. పిల్లలు చిన్నవాళ్ళు, పై వాటాలో కాపురం. అందుకని పెద్దక్క తను చేసే చోటే మరదలికీ పని ఇప్పించింది. "దాని పూచీ నాది" అని సూపర్‌వైజరు ఎదుట గుండెల మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పింది. అదుగో, ఆ పూచీయే ఆమెను నిద్రపోనివ్వకుండా చేసింది.

వాళ్ళు పనిచేసేది మందుల పరిశోధనశాలలో. రేపు మనుషులకు ఇవ్వబోయే మందును ముందుగా జంతువులకు ఇచ్చి చూసే చోటు అది. కింది అంతస్తులో, పొడుగాటి నడవా చివర కుందేళ్ళ గది. నేల ఎప్పుడూ తడిగా మెరుస్తుంటుంది, మందునీళ్ళ వాసన ముక్కును వదలదు. పెద్దక్క ఆ గదిలో పాతుకుపోయిన మనిషి. ఆమె అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. తల నెరిసిన డాక్టర్లకు కూడా ఆమె పెద్దక్కే.

వెనకటి రోజుల్లో కుందేలు గుండె ఎలా కొట్టుకుంటోందో చూడాలంటే పెద్ద తతంగం. దాన్ని పట్టుకుని, తల మాత్రమే బయటికి వచ్చే పెట్టెలో కూర్చోబెట్టాలి. తన్నుకోకుండా నడుము మీద చెయ్యి వేసి అదిమిపట్టాలి. అప్పుడు చెవి నరంలో సూది. ఆ అదిమిపట్టే చెయ్యి పెద్దక్కది. ఆ అరచేతి కింద గుండె దడదడమని కొట్టుకునేది. "బెదిరిపోయింది పాపం" అనేది పెద్దక్క. డాక్టర్లు కూడా అవునని తలూపేవారు. అంత వేగంగా కొట్టుకునే గుండెకు భయం తప్ప మరో పేరు ఉంటుందని అక్కడ ఎవరికీ తోచలేదు.

కొత్త డాక్టరమ్మ వచ్చాక ఆ తతంగం పోయింది. ఆమె ఒక్కో కుందేలుకూ మత్తు ఇచ్చి, చర్మం కింద చిన్న బిళ్ళ పెట్టి కుట్టేసింది. పైన అయస్కాంతం ఆడిస్తే ఆ బిళ్ళ మేలుకుంటుంది. ఇక అక్కణ్ణుంచి గుండె వేగం, రక్తపోటు, ఒంటివేడి అన్నింటినీ తీగ అనేది లేకుండా బోను కింద పెట్టిన పలకకు అందిస్తుంది. పలక వాటిని పక్కగదిలోని కంప్యూటరుకు చేరవేస్తుంది. కుందేలు తన మానాన తాను గడ్డి నములుతుంటే, డాక్టరమ్మ తన మానాన తాను టీ తాగుతూ గీతలు చూసుకోవచ్చు.

"పెద్దక్కా, ఇంక మీ చేతికి పెన్షనే" అంది డాక్టరమ్మ.

"చేతికొక్కదానికేనా అమ్మా? మిగతా మనిషి ఏం పాపం చేసింది?"

అయితే కుట్లు మానేదాకా నొప్పి తెలియకుండా పొద్దునా సాయంత్రం సూదిమందు వెయ్యాలి. ఆ పని మళ్ళీ పెద్దక్క మీదే పడింది. బహు ఒడుపుగా వేసేది. పట్టుకున్నప్పుడు ఒక్క కుందేలూ కాలు విదిలించేది కాదు. "నా చేతుల్లోకి వస్తే చంటిపిల్లల్లా పడుంటాయి" అని అందరితోనూ చెప్పుకునేది. బోనుల మీద అంకెలు ఉన్నా, ఆమె వాటికి ముద్దుపేర్లు పెట్టుకుంది. ఒక చెవి వాల్చేసేది ఒంటిచెవి. పొద్దస్తమానం ఒళ్ళు నాక్కుని నిగనిగలాడేది పెళ్ళికొడుకు. గడ్డి వెయ్యగానే అందులో తల దూర్చేసేది బొద్దమ్మ.

కుట్లు మానాక పరీక్ష మొదలైంది. మందు వేసే ముందు కుందేలు నిమ్మళంగా ఉన్నప్పటి గీత కావాలి. అందుకని పొద్దున్నపూట కాసేపు ఆ గదిలోకి ఎవరూ వెళ్ళకూడదు, ఒక్క మరదలు తప్ప. ఆమె మెల్లగా తలుపు తట్టి లోపలికి వెళుతుంది. ఉన్నపళాన తలుపు తీస్తే కుందేళ్ళు ఉలిక్కిపడతాయని అక్కడ అందరూ తట్టాకే తీస్తారు. వెళ్ళి, ఒక్కో బోనుకూ ఉన్న నీటిగొట్టం మొన వేలితో నొక్కి, నీళ్ళు వస్తున్నాయో లేదో చూసి వచ్చేస్తుంది. అంతకుమించి ఆమెకు అక్కడ పనేమీ లేదు.

ఒకరోజు డాక్టరమ్మ పెద్దక్కను పిలిచి కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది.

"ఇదిగో, గీత చూడండి."

పడుకున్న పాములా సాగిపోతున్న గీత ఒకచోట ఉన్నట్టుండి పడగెత్తింది. కాసేపు అలాగే నిలబడి, మళ్ళీ పడుకుంది.

"ఇది ఒంటిచెవేనా?"

"ఒంటిచెవి ఒక్కటే కాదు. అన్నీ ఇంతే. రోజూ మీ మరదలు లోపలున్నప్పుడే." డాక్టరమ్మ మరో గీత తెరిచింది. "ఇదేమో మధ్యాహ్నం మీరు ట్రేలు మార్చడానికి వెళ్ళినప్పటిది. చూడండి, కదిలిందా?"

కదలలేదు. పైగా కాస్త కిందికి వాలింది. పెద్దక్కకు లోపల తియ్యగా అనిపించింది. ఆ వెంటనే చేదుగానూ అనిపించింది.

"నా చెయ్యి అలవాటు కదమ్మా వాటికి."

"ఆవిడ లోపల ఏం చేస్తోంది పెద్దక్కా? పొద్దున్నే ఇలా అదిరిపోతుంటే ఈ పరీక్ష ఎందుకూ కొరగాదు. ఇన్ని కుందేళ్ళనూ ఊరికే పోగొట్టుకుని, మళ్ళీ కొత్తవాటికి కత్తి పెట్టాలి. నాకది ఇష్టం లేదు. నెలాఖరుకు ఆవిడ కాంట్రాక్టు కూడా తిరగరాయాలి. కాస్త కనిపెట్టి చూసి, ఉన్నదున్నట్టు చెప్పండి."

కనిపెట్టమన్నాక పెద్దక్క ఊరుకుంటుందా! మర్నాడే తలుపుకున్న అద్దపు పలకకు ముక్కు ఆనించింది. మరదలు వీపు కనబడింది. వీపు అడ్డం రావడం వల్ల చెయ్యి ఎక్కడ ఉందో కనబడలేదు. ఒక్కో బోను దగ్గరా ఆగుతోంది, వంగుతోంది, పెదాలు కదుపుతోంది. లోపల కుందేళ్ళు అటూ ఇటూ పరుగులు. నీటిమొన నొక్కడానికి అంతసేపా? మంత్రం వేసేదానిలా ఆ గొణుగుడేమిటి?

అనుమానం ఒకసారి లోపలికి వచ్చిందంటే ఇల్లంతా తనదే అన్నట్టు తిరుగుతుంది. అంతకుముందు పట్టించుకోని సంగతులన్నీ పెద్దక్క ముందుకు వచ్చి వరసగా కూర్చున్నాయి. మొన్న మరదలు మూత పెడితే గిన్నె ఎంత చప్పుడైంది! జడ వేసేటప్పుడు దాని కూతురు కెవ్వుమంటుంది కదా, ఎందుకని? మేడమెట్ల మీద పడుకునే పిల్లి దాన్ని చూడగానే గోడ దూకేస్తుంది. ఆ పిల్లి పెద్దక్కను చూసినా దూకుతుంది, పాలవాణ్ణి చూసినా దూకుతుంది. అది మాత్రం ఆమెకు అప్పుడు గుర్తురాలేదు.

ఆ సాయంత్రం బస్సులో మెల్లగా కదిపింది.

"లోపల ఏం చేస్తావే నువ్వు?"

"నీళ్ళు చూసొస్తాను."

"ఇంకా?"

"ఇంకేముంటుందొదినా అక్కడ? సినిమా చూపిస్తున్నారా?"

"మరి నోరెందుకు కదుపుతావు?"

మరదలు కిటికీ వైపు నుంచి ముఖం ఇటు తిప్పింది. "నువ్వెప్పుడు చూశావు?"

"అటు పోతుంటే అద్దంలో కనబడింది."

"నీ పని అటువైపు కాదుగా ఆ టైములో."

పెద్దక్క ఒళ్ళోని సంచీ సర్దుకుంది. మరదలు కాసేపు ఆమె ముఖంలోకి చూసి, తరవాత అలవాటుగా నవ్వింది. "ఇంట్లోవాళ్ళ మీద చాడీలు చెప్తున్నాలే వాటికి. ఇంతింత చెవులు. మన ఇంట్లో ఎవరైనా అంత బాగా వింటారా?"

ఇంకొకరైతే ఆ మాటకు నవ్వి ఊరుకునేవారు. పెద్దక్కకు అది మాట దాటెయ్యడంలా వినబడింది. దాచిపెట్టే సంగతి లేకపోతే మనిషి వేళాకోళంలోకి ఎందుకు దిగుతుంది?

రెండురోజులు పోయాక సూపర్‌వైజరు నడవాలో ఆపాడు. అతనికి మనిషిని పక్కవాటుగా చూడటం అలవాటు. సబ్బు అరిగిపోయినా ఎవరో ఇంటికి పట్టుకుపోయారనే అంటాడు.

"పెద్దక్కా, డాక్టరమ్మ చెప్పింది. నీ మరదలి సంగతేంటి? నువ్వే కదా పూచీ పడ్డావు."

"మంచిదేనయ్యా."

"మంచిదైతే కుందేళ్ళ గుండెలు ఎందుకు ఎగురుతున్నాయి? నువ్వు కాపాడుకొస్తున్నావా ఏంటి? ఇద్దరి పేర్లూ కలిపి రాయమంటావా?"

పెద్దక్క చెప్పదలచుకున్నది వేరు. నాకేమీ కనబడలేదు అందామనుకుంది. నోట్లోంచి వచ్చింది మాత్రం, "చెయ్యి కాస్త దురుసేమో" అని. కాస్త అన్నాను కదా, ఏమో అని కూడా అన్నాను కదా అని తరవాత తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకుందో! సూపర్‌వైజరు ఆ కాస్తనూ, ఏమోనూ అక్కడే నడవాలో వదిలేసి, దురుసును మాత్రం పట్టుకుపోయాడు.

మర్నాటినుంచి మరదలిని కడుగుడు గదిలో వేశారు. బోనులు కడిగే గది అది. పొగలు కక్కే నీళ్ళు, చేతులు పగిలిపోయే సబ్బుపొడి, ఎత్తితే నడుము పట్టేసే ఇనుప బోనులు. పైగా అక్కడ మనుషులు ఎక్కువైపోయారట. నెలాఖరుకు మరదలి కాంట్రాక్టు తిరగరాసేది లేదని తేల్చేశారు.

ఆ సాయంత్రం మరదలు పెద్దక్క వంటింటి గడప మీద కూలబడింది. వేళ్ళు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి.

"ఎవరో నా మీద చెప్పారొదినా. ఊరికే తీసెయ్యరు. దాణా కొట్టు ఆయనంటావా? మొన్న తూకం తగ్గిందని అడిగాను."

పెద్దక్క పొయ్యి వైపు తిరిగింది. "పోనిద్దూ. ఎవడైతేనేం?"

"అంతేనంటావా?"

"అంతే మరి. ఏడిస్తే పోయిన పని వస్తుందా?"

మరదలు చాలాసేపు వదిన వీపు వైపే చూస్తూ కూర్చుని, చీర కొంగుతో వేళ్ళు తుడుచుకుని పైకి వెళ్ళిపోయింది. మెట్ల మీద ఆ అడుగుల చప్పుడు ఆగేదాకా పెద్దక్క వెనక్కి తిరగలేదు. వెనక్కి తిరిగాక, ఇదంతా దానికి తెలిసి అడిగిందా, తెలియక అడిగిందా అని కొత్త అనుమానం పట్టుకుంది.

నీళ్ళు చూసే పని పెద్దక్కకు వచ్చింది. తలుపు తట్టింది, వెళ్ళింది, నొక్కింది, వచ్చింది. కుందేళ్ళు చడీచప్పుడూ లేకుండా మూలలకు ఒదిగి కూర్చున్నాయి. ఎంత బుద్ధిగా ఉన్నాయో చూశారా అనుకుంది. కానీ వారం తిరగకముందే డాక్టరమ్మ మళ్ళీ పిలిచింది. ఈసారి ఆమె బల్ల మీద టీ చల్లారి తెట్టు కట్టి ఉంది.

"పెద్దక్కా, కూర్చోండి. మీరు తలుపు తట్టింది ఇక్కడ. గీత చూడండి."

గీత పడగెత్తింది, మరదలు ఉన్నప్పుడు ఎత్తినట్టే.

"మీరు తలుపు తీసింది ఇక్కడ."

కాలు జారి మేడ మీంచి పడ్డట్టు గీత కిందికి పడిపోయింది.

"నన్ను చూసి కుదుటపడ్డాయమ్మా" అంది పెద్దక్క. అన్నదే గానీ, గొంతులో వెనకటి ధైర్యం లేదు.

"నేనూ ఇన్నాళ్ళూ అలాగే అనుకున్నాను. గుండె గీత ఒక్కటే పట్టుకు కూర్చున్నాను. ఒంటివేడి గీతను దాని పక్కన పెట్టి చూడాలన్న బుద్ధి నాకు ముందే పుట్టి ఉండాల్సింది." డాక్టరమ్మ ఇంకో గీత పక్కన పెట్టింది. "మీరు వెళ్ళిన ప్రతిసారీ వేడి మెల్లమెల్లగా పైకి పాకుతోంది. మీరు బయటికి వచ్చాక కూడా చాలాసేపు దిగడం లేదు. వాటికి జ్వరం లేదు, చూశాను. అది బెదురు వల్ల వచ్చే వేడి. పట్టుకుంటే గుండె దడదడమంటుంది గానీ, దూరం నుంచే చూసి మరీ బెదిరిన కుందేలు పరిగెత్తదు. రాయిలా బిగుసుకుపోతుంది. తను అక్కడ ఉన్నట్టే తెలియకూడదని గుండె వేగం కూడా తగ్గిపోతుంది."

"మరి మా మరదలు వెళ్ళినప్పుడు?"

"పాత రోజులవన్నీ తీసి చూశాను. ఆవిడ వెళ్తే గుండె ఎగురుతుంది, ఆవిడ వచ్చేస్తే దిగిపోతుంది. వేడి ఇంతైనా పెరగలేదు. అటూ ఇటూ పరిగెత్తడం కూడా పారిపోవడానికి కాదు, బోను ముందుకు రావడానికి. ఆవిడ వేలి మీది నీళ్ళు నాకడానికి వచ్చేవట. కడుగుడు గదికి వెళ్ళి నేనే అడిగాను. వాటికి ఆవిడంటే ఇష్టం, అంతే. పొద్దున్న మీరు తలుపు తట్టినప్పుడు, రోజూ ఆ వేళకు వచ్చే ఆవిడే వచ్చిందనుకున్నాయి."

పెద్దక్క గీత వైపు నుంచి ముఖం తిప్పుకుంది.

"నేను వాటిని ఒక్క దెబ్బ కూడా కొట్టలేదమ్మా."

"నాకు తెలుసు. సూది వెయ్యమన్నది నేను. వేసింది మీ చెయ్యి. నేనెవరో వాటికి తెలియదు, మీ చెయ్యి తెలుసు."

పెద్దక్క ఒళ్ళో ఉన్న చేతిని తిప్పి చూసుకుంది. ఆ అరచేతి కింద ఎన్ని గుండెలు కొట్టుకున్నాయో లెక్కలేదు. పట్టుకున్న ప్రతి గుండెనూ పట్టుకోవడం వల్లే బెదరగొట్టి, గుండె అంటే ఇలాగే ఉంటుందని నమ్మి కూర్చుంది. తను అదిమి పట్టుకోని గుండె ఎలా ఎగురుతుందో ఆమెకు చూపించిన వాళ్ళు లేరు. చూపించబోయిన ఒక్కదాన్నీ కడుగుడు గదికి తోయించింది.

"ఆవిడను వెనక్కి తెస్తాను" అంది డాక్టరమ్మ. "పొద్దున్న నీళ్ళు చూసే వేళ మారిస్తే నా గీతకు అడ్డం రాదు. కానీ సూపర్‌వైజరు ఒప్పుకోవడం లేదు. దురుసని సొంత వదినే చెప్పింది, ఇప్పుడు కాదంటే ఎలా నమ్మను, ఇద్దరూ ఇంట్లో కూడబలుక్కున్నారేమో అంటున్నాడు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి అడుగుతాడట. మీరు రాకపోతే కాంట్రాక్టు పోయినట్టే."

పెద్దక్క రెండువైపులా లెక్క వేసుకుంది. రాకపోతే మరదలి పని పోతుంది. వస్తే, చెప్పింది ఎవరో మరదలికి తెలిసిపోతుంది. ఒక ఇంటి కింద వాటా, పై వాటా. తమ్ముడి ముఖం ఎలా చూడాలి? ఒంట్లో బాగాలేదని ఇంటికి పోదామా అని కూడా అనిపించింది. లేచి, చెప్పులు వేసుకుని, నడవా సగందాకా వెళ్ళింది. కడుగుడు గది తలుపు తెరిచి ఉంది. లోపల ఆవిరిలో మరదలు ఒక బోనును రెండు చేతులా కావలించుకుని ఎత్తుతోంది. పెద్దక్క అక్కణ్ణుంచే వెనక్కి తిరిగి, సూపర్‌వైజరు గదికి వెళ్ళింది.

మరదలిని పిలిపించారు. తడి చేతులు పక్కకు పెట్టుకుని గోడవారగా నిలబడింది.

"ఊఁ, చెప్పు పెద్దక్కా. ఆవేళ నాతో ఏమన్నావు?"

"చెయ్యి దురుసేమో అన్నాను."

"ఇప్పుడేమంటావు?"

"అది అబద్ధం. నేను చూడలేదు. దాని చెయ్యి కూడా నాకు కనబడలేదు. నా పేరు ఎక్కడ రాస్తావోనని భయపడి అనేశాను. దురుసు చెయ్యి దానిది కాదు, నాది."

సూపర్‌వైజరు ఇద్దరినీ మార్చి మార్చి పక్కవాటుగా చూశాడు. "ఇదేదో నాటకంలా ఉంది" అని గొణిగాడు గానీ, డాక్టరమ్మ సంతకం చేసిన కాగితం ముందు పెట్టాక అతనికి కాదనడానికి ఏమీ మిగల్లేదు. కాంట్రాక్టు నిలబడింది.

బస్సు ఆగే చోటుదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. అక్కడ నిలబడ్డాక పెద్దక్కే నోరు విప్పింది.

"నన్ను నాలుగు తిట్టవే. ఈ మౌనం భరించలేను."

"నాకు తెలుసొదినా."

"ఎప్పట్నుంచి?"

"గడప మీద కూర్చుని అడిగానే, ఆవేళ. ఎవడైతేనేం అన్నావు. పాల ప్యాకెట్టు పోతే వీధి వీధంతా తిరిగి కనుక్కున్నదానివి, నా పని పోతే ఎవడైతేనేం అంటావా? అక్కడే దొరికిపోయావు."

"తెలిసీ అన్నాళ్ళు ఊరుకున్నావా?"

"చెప్తావేమో అని చూశాను." మరదలు బస్సు వచ్చే వైపు చూస్తోంది. "రోజూ చూశాను."

ఆమె ముఖంలో కోపం ఉందేమోనని పెద్దక్క వెతికింది. కోపం ఉంటే బాగుండుననిపించింది.

మరదలు మళ్ళీ కుందేళ్ళ గదికి వచ్చింది. వస్తూనే డాక్టరమ్మను ఒక్కటే కోరింది, వదినను కూడా రోజూ కాసేపు తన వెనక లోపలికి పంపమని. డాక్టరమ్మకు అది బాగానే తోచింది. సూది లేని పెద్దక్కను చూడటం కుందేళ్ళకు అలవాటు కావాలి కదా అంది. ఇది దయా, కక్షా? ఆ కుందేళ్ళ ముందు నిలబెట్టి సాధిద్దామనా? ఎంత ఆలోచించినా పెద్దక్కకు తెగలేదు.

మరదలు తలుపు తట్టి తీసింది. కుందేళ్ళు అన్నీ ఒక్క ఉదుటున బోనుల ముందుకు వచ్చాయి. పెళ్ళికొడుకు ముందుకాళ్ళు ఎత్తి నిలబడింది. అంతలో మరదలి వెనక ఉన్న మనిషి కనబడింది. బొద్దమ్మ నమలడం ఆపేసింది. ఒంటిచెవి అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి పోయి, మూలకు ఒదిగి, బిగుసుకుపోయింది. ఇన్నాళ్ళూ బుద్ధి అనుకున్నది ఇదా అని పెద్దక్క గుడ్లు అప్పగించి చూసింది.

"నేను వెళ్ళిపోతానే. వాటి ఉసురు నాకొద్దు."

"నిలబడు" అంది మరదలు. పెళ్ళైనప్పటినుంచీ ఆమె వదినతో అలా మాట్లాడింది లేదు.

పెద్దక్క తలుపు పక్కనే నిలబడిపోయింది. ఏం చెయ్యాలో తెలియక రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. మరదలు మొదటి బోను దగ్గర వంగి నీటిమొన నొక్కుతూ, వెనక్కి తిరగకుండానే అంది:

"చేతులు దాచకొదినా. దాస్తే ఏదో ఉందనుకుంటాయి. ముందు పెట్టు, కనబడాలి."

పెద్దక్క ఖాళీ అరచేతులు రెండూ ముందుకు చాపింది. అలాగే నిలబడింది.